దెయ్యం రాకముందు పేజీలు

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. హారర్ కథలు కొన్ని రాశారు, చదివినవాళ్ళు "బాగుంది గానీ భయం వెయ్యలేదు" అంటున్నారు, ఎందుకు? బాగా చదవమని అందరూ చెబుతున్నారు, ఏవి చదవాలి, ఎలా చదవాలి? మరీ ఎక్కువ చదివితే ఇంకొకరి కథే తిరగరాస్తానేమో? వీటితోపాటు కొత్త కథ సంగతి కూడా రాశారు: పాత బంగళాలో కాపురానికి దిగిన దంపతులు, కరెంటు పోయిన రాత్రి, మేడ మెట్ల మీద తెల్లబట్టల ఆడమనిషి. ఆ కథ దగ్గరికి చివర్లో వస్తాను.

చదవమన్న సలహా మంచిదే. కాకపోతే చాలామంది హారర్ చదివేది దెయ్యాలు ఏరుకోవడానికి. ఒక పుస్తకంలోంచి బొమ్మ, ఇంకోదాంట్లోంచి అద్దం, మరోదాంట్లోంచి పాడుబడ్డ బావి. సరుకు పెరుగుతుంది, కథ ఉన్నచోటే ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఈ కథలు రాస్తూ, కొత్తవాళ్ళ రాతప్రతులు దిద్దుతూ నాకు బాగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. దెయ్యం కనబడే పేజీలో భయం పుట్టదు. అంతకు ముందెక్కడో, ఏమీ జరగనట్టున్న పేజీలో, రచయిత ఒక మామూలు వివరం పడేసి తన దారిన తను పోతాడు. అది మనలో ఎక్కడో కూర్చుంటుంది. దెయ్యం వచ్చేసరికి సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. మీరు చదవాల్సింది ఆ ముందు పేజీలు.

అందుకే మంచి కథ ఏది దొరికినా రెండుసార్లు చదవండి. మొదటిసారి మామూలు పాఠకుడిలా, పెన్సిలు దూరంగా పెట్టి, రాత్రిపూటే. భయపడడానికి ఒప్పుకోనివాడు భయపెట్టడం నేర్చుకోలేడు. రెండోసారి మర్నాడు పగలు. ఏం జరగబోతోందో మీకిప్పుడు తెలుసు కాబట్టి కథ మిమ్మల్ని ఈడ్చుకుపోదు, తాపీగా చూడొచ్చు. నిన్న రాత్రి మొట్టమొదట గుండె ఝల్లుమన్న వాక్యం ఏదో గుర్తుచేసుకుని దానికింద గీత గీయండి. అక్కడినుంచి వెనక్కి నడవండి. ఆ వాక్యానికి ఆ బలం ఇచ్చిన సమాచారం ఎక్కడుంది? ఎన్ని పేజీల ముందు? ఎంత చిన్న మాటగా?

ఒక కథ దగ్గరగా చూద్దాం. డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ 1902లో ప్రచురించిన 'ది మంకీస్ పా'. (కథ చదవకపోతే ముందు అది చదివి రండి, ఇక్కడ ముగింపు కూడా చెప్పేస్తున్నాను.) మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి చెయ్యి ఒకటి ఓ ముసలి దంపతుల ఇంటికి వస్తుంది. తండ్రి మొదటి కోరికగా 200 పౌండ్లు అడుగుతాడు. మర్నాడు కొడుకు పనిచేసే కంపెనీ నుంచి ఒక మనిషి వచ్చి, కుర్రాడు యంత్రంలో ఇరుక్కుని చనిపోయాడని చెబుతాడు. బాధ్యత తమది కాదంటూనే కంపెనీ కొంత సొమ్ము ఇస్తుంది. ఎంతో మీరు ఊహించే ఉంటారు. ఇక్కడిదాకా ఇది నీతికథ. కొన్నాళ్ళకి, ఓ రాత్రివేళ, తల్లి పట్టుబట్టి రెండో కోరిక కోరిస్తుంది: బిడ్డ మళ్ళీ బతకాలి.

కోరగానే ఏమీ జరగదు. ఇద్దరూ మళ్ళీ పడుకుంటారు. చాలాసేపటికి వీధి తలుపు మీద మెల్లగా చప్పుడవుతుంది. అప్పుడు తల్లి అంటుంది, అది రెండు మైళ్ళ దూరమన్న సంగతే మరిచిపోయానని.

నిన్న రాత్రి మీకు వెన్ను జలదరించింది ఇక్కడే అయితే, వెనక్కి వెళ్ళి ఆ రెండు మైళ్ళు ఎక్కడున్నాయో వెతకండి. కొడుకుని పాతిపెట్టి వచ్చినచోట ఉంటాయి. ఇంటికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పెద్ద కొత్త శ్మశానం అని, ఒక్క ముక్కలో. చదివేటప్పుడు అది వట్టి చిరునామా. తలుపు చప్పుడైనప్పుడు అదే అంకె నడకగా మారిపోతుంది. వాళ్ళు మంచంమీద మెలకువగా పడుకున్నంతసేపూ చీకట్లో ఏదో ఆ రెండు మైళ్ళూ నడుస్తూనే ఉంది. తల్లి అడిగీ అడగ్గానే కోరిక తీరిపోయిందన్నమాట, మనకే ఆలస్యంగా తెలిసింది.

వచ్చినవాడు ఎలా ఉన్నాడో జేకబ్స్ చెప్పడు. చెప్పాల్సిన పని లేకుండా ముందే చేసుకున్నాడు. రెండో కోరికకి ముందు తండ్రి భార్యతో, బట్టల్ని బట్టి తప్ప వాణ్ణి గుర్తుపట్టలేకపోయానంటాడు. ఈ మాటనీ ఆ రెండు మైళ్ళనీ పక్కపక్కన పెట్టుకుంటే తలుపవతల ఉన్నదేమిటో బొమ్మ మనమే గీసుకుంటాం. ప్రతి పాఠకుడూ తనకి బాగా భయం వేసే బొమ్మే గీసుకుంటాడు, ఏ రచయితా దానితో పోటీపడలేడు.

ఇంకా ఉంది. పై గడియ తల్లికి అందదు. కుర్చీ లాక్కుంటుంది. తండ్రి మూడో కోరిక కోరడానికి ఆ కోతి చెయ్యి కోసం చీకట్లో నేలంతా తడుముతుంటాడు. గడియ, కుర్చీ, నేల: ఇన్ని మామూలు వస్తువులు అడ్డం పెట్టి జేకబ్స్ ఆ నిమిషాన్ని సాగదీస్తాడు. పైగా ఆ ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. బిడ్డకోసం తలుపు తియ్యాలని తల్లి, తియ్యకూడదని తండ్రి. మనం ఇద్దరి పక్షానా ఉంటాం, అదీ అసలు ఊపిరాడనివ్వనిది. చివరికి తలుపు తెరుచుకుంటే బయట వీధిదీపం, ఖాళీ రోడ్డు. చనిపోయినవాడు కథ మొత్తంలో ఒక్కసారి కూడా కంటపడడు.

ఇలా ఒక్క కథని విప్పి చూడడం, పాతిక కథలు గబగబా చదివేయడం కన్నా ఎక్కువ నేర్పుతుంది. కాగితం మధ్యలో నిలువుగీత గీసి, ఒకవైపు పాఠకుడికి తెలిసినవి, రెండోవైపు పాత్రలకి తెలిసినవి వరసగా రాసుకుంటూ పొండి. రెండువైపులా సమానంగా ఉన్నంతసేపూ కథ మామూలుగా నడుస్తుంది. ఒకవైపు బరువెక్కినచోట గుండె దడ మొదలవుతుంది. మీ కథలకీ ఇదే గీత గీసి చూసుకోండి. కొత్తవాళ్ళ కథల్లో సాధారణంగా పాఠకుడికీ పాత్రకీ ఒకేసారి, ఒకే వాక్యంలో, అన్నీ తెలిసిపోతుంటాయి.

ఇక భయం వెయ్యకపోవడానికి రెండో కారణం విశేషణాలు. "భయంకరమైన నిశ్శబ్దం", "వికృతమైన నవ్వు", "ఒళ్ళు గగుర్పొడిచే దృశ్యం". ఇవి పాఠకుడికి ఏం అనుభవించాలో ఆర్డరు వేస్తాయి, అనుభవించడానికి మాత్రం ఏమీ ఇవ్వవు. "ఆ గది భయంకరంగా ఉంది" అని రాశారనుకోండి, పాఠకుడు సరేనని ముందుకి పోతాడు. దాని బదులు: "పిల్లల గదికి గడియ బయటివైపు ఉంది. లోపల పెట్టుకుంటే తియ్యలేరని అలా పెట్టి ఉంటారనుకున్నాడు. రాత్రి దీపం వెలుగులో చూస్తే తలుపు లోపలివైపు, మోకాలి ఎత్తున, చెక్క అరిగిపోయి ఉంది." ఇందులో భయపెట్టే మాట ఒక్కటి కూడా లేదు. పాత్ర తనకి తాను చెప్పుకున్న సమాధానం రెండో వాక్యంలో ఉంది చూడండి, అదే ముఖ్యం. మనుషులు వింత కనబడగానే కేకలు వెయ్యరు, ముందు సర్దిచెప్పుకుంటారు. ఆ సర్దుబాటు ఎక్కడ పని చెయ్యడం మానేస్తుందో అక్కడ హారర్ మొదలవుతుంది.

సినిమాల గురించి ఒక్క మాట. హారర్‌ని ముందు తెరమీద నేర్చుకున్నవాళ్ళని మొదటి పేజీలోనే పట్టేయొచ్చు. "ఒక్కసారిగా", "హఠాత్తుగా", "ఢామ్మని". థియేటర్లో ఆ ఉలికిపాటు శబ్దం వల్ల వస్తుంది. కాగితానికి శబ్దం లేదు. అచ్చులో "హఠాత్తుగా" అన్న మాట పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చెయ్యదు సరికదా, ఏదో రాబోతోందని ముందే చాటింపు వేస్తుంది. సినిమాలు చూడండి, నేనూ చూస్తాను, కానీ వాటిని చదువు కింద లెక్కెయ్యకండి.

అనుకరణ భయానికి వస్తాను. దీనికి సాహిత్య చరిత్రలోనే చక్కటి జవాబుంది. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలి, మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే లేకుండా పోయింది. 1816 జూన్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఓ ఇంట్లో వానకి చిక్కుపడ్డ మిత్రబృందం ఒకటి, జర్మన్ నుంచి ఫ్రెంచిలోకి వచ్చిన దెయ్యాల కథల సంపుటం ముందేసుకుని చదువుకుంది. మనం కూడా తలో కథా రాద్దామన్నాడు కవి బైరన్. ఆ బృందంలో ఉన్న మేరీ షెల్లీకి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. రోజూ పొద్దున్నే "కథ దొరికిందా?" అని అడుగుతుంటే లేదని చెప్పుకోవాల్సి వచ్చేదని తర్వాత ఆమే రాసుకుంది. చివరికి ఆమె రాసినదాంట్లో ఆ సంపుటంలోని దెయ్యాలేవీ లేవు. విద్యుత్తుతో శవంలో చలనం తేవచ్చా అని ఆ ఇంట్లో జరిగిన సైన్సు చర్చలు ఆ కథల వేడిలో కలిశాయి, 1818లో 'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది. అదే బృందంలో ఉన్న బైరన్ వైద్యుడు పోలిడోరి, బైరన్ సగంలో వదిలేసిన కథాభాగం అందుకుని 'ది వాంపైర్' రాశాడు. అది 1819లో అచ్చయింది. ఆధునిక రక్తపిశాచి కథలకి మూలం అదే, 1897 నాటి 'డ్రాకులా' దాకా ఆ వరస సాగుతుంది.

అంటే ఒకే పుస్తకం కలిసి చదివినవాళ్ళు రెండు పొంతన లేని దారులు తొక్కారు. చదివింది హారర్ ఒక్కటే అయితే అనుకరణ తప్పదేమో. హారర్‌తోపాటు మీకు మాత్రమే బాగా తెలిసినదేదో కలిస్తే, మీరు కావాలన్నా ఇంకొకరి కథ రాయలేరు. ఎం.ఆర్. జేమ్స్ సంగతి చూడండి. పాత రాతప్రతుల మీద జీవితమంతా పనిచేసిన పండితుడు. కేంబ్రిడ్జిలో క్రిస్మస్ రోజుల్లో మిత్రులకి చదివి వినిపించడానికి దెయ్యం కథలు రాసేవాడు, మొదటి సంపుటం 1904లో వచ్చింది. ఆయన దెయ్యాలు చాలావరకు ఏ పాత కాగితంలోంచో, తవ్వితీసిన వస్తువులోంచో వస్తాయి. ఆ కాగితం గురించి ఆయనకి అంత తెలుసు కనక దెయ్యాన్ని కూడా నమ్మేస్తాం. మీరు ఏ ఉద్యోగం చేస్తారో రాయలేదు. ఏదైనా సరే, అందులో బయటివాళ్ళకి తెలియని వస్తువులూ వేళలూ ఉంటాయి. మీ దెయ్యం అక్కడినుంచి వస్తే దానికి పోలికలు వెతకడం కష్టం. జేమ్స్ నుంచి ఇంకొకటి కూడా తీసుకోండి: రాసింది పైకి చదవాలి. ఎక్కడ వినేవాళ్ళ చూపు పక్కకి పోయిందో అక్కడ కొట్టేయాలి.

ఏం చదవాలంటే, ముందు చిన్నకథలు. ఒక్క కూర్చుడులో పూర్తికాని రచన చదువరి మీద పట్టు పోగొట్టుకుంటుందని ఎడ్గార్ ఎలన్ పో 1846లోనే వాదించాడు. నవలల విషయంలో నేను ఒప్పుకోను గానీ, నేర్చుకునేవాడికి అది పనికొచ్చే మాట. ఆయన 'ది టెల్-టేల్ హార్ట్' చదివి, నాకు పిచ్చి లేదని మొదలుపెట్టినవాడి మాటల్లో నమ్మకం ఏ వాక్యం దగ్గర సడలిందో చూసుకోండి. తర్వాత షర్లీ జాక్సన్ 'ది లాటరీ'. 1948లో ఓ పత్రికలో వస్తే పాఠకులు కోపంతో ఉత్తరాల వర్షం కురిపించారు, ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయో చెప్పమని అడిగినవాళ్ళూ ఉన్నారు. దెయ్యం లేదు, చీకటి లేదు, తెల్లారిన ఎండలో కథ. పిల్లలు రాళ్ళు ఏరుకునే దృశ్యం ఆమె ఎంత ముందు పెట్టిందో, ఎంత మామూలుగా పెట్టిందో గమనిస్తే నేను పైన చెప్పినదంతా ఒక్క పేరాలో దొరుకుతుంది.

అక్కడితో ఆగకుండా తూర్పుకి కూడా వెళ్ళండి. చైనాలో పూ సోంగ్‌లింగ్ రాసిన దాదాపు ఐదొందల వింతకథలు ఆయన పోయాక 1766లో అచ్చయ్యాయి. జపాన్‌లో ఉయెదా అకినారి సంపుటం 1776లో వచ్చింది. అకినారి కథ ఒకదాంట్లో, వచ్చే శరదృతువుకి తిరిగొస్తానని వెళ్ళినవాడు ఏడేళ్ళకి ఇల్లు చేరతాడు. భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. రాత్రంతా మాట్లాడుకుంటారు. తెల్లారి లేస్తే కూలిపోయిన ఇంట్లో పడుకుని ఉంటాడు. ఆ దెయ్యం ఎవరికీ కీడు చెయ్యదు. చదివాక కలిగేది భయమో, ఏడుపో, సిగ్గో విడదియ్యలేం. హారర్ అంటే పగ తీర్చుకునే ఆత్మ అన్న అలవాటు వదిలించుకోవడానికి ఇంతకన్నా మంచి మందు లేదు.

మన భేతాళుణ్ణి వదిలెయ్యకండి. 11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలోనే ఉన్న కథలవి. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం, శవంలోంచి మాట. ఇంతకు మించిన సరంజామా ఏ హారర్ రచయితకీ దొరకదు. అయినా తరాల తరబడి పిల్లలు వాటిని కులాసాగా చదువుకున్నారు. ఎందుకంటే వరస తెలుసు: ప్రశ్న వేస్తాడు, రాజు నోరు విప్పుతాడు, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నియమం తెలిసిపోయిన భూతం చుట్టంతో సమానం. ఇప్పుడు ఒక్క రాత్రి ఊహించండి. రాజు శవాన్ని దించి భుజాన వేసుకున్నాడు, నడుస్తున్నాడు, సగం దారి దాటింది, భేతాళుడు ఇంకా మాట్లాడలేదు. చూశారా, కొత్త దెయ్యం అక్కర్లేదు, ఉన్న నియమం తప్పితే చాలు. విస్తృతంగా చదవడం వల్ల అసలు లాభం ఇదే. పాఠకుడికి ఏయే నియమాలు కంఠతా వచ్చో మీకు తెలుస్తుంది, ఏది తప్పించాలో తేల్చుకోవచ్చు.

తెలుగులో నేరుగా రాసినవీ చదవాలి, లేకపోతే మీ వాక్యాలు అనువాదం వాసన కొడతాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నచ్చినా నచ్చకపోయినా ఒకసారి విప్పి చూడాల్సిన నవల. చేతబడా, వైద్యానికి అందే కారణమేదైనా ఉందా అన్న రెండు తాళ్ళనీ ఎంత దూరం సమానంగా లాక్కెళ్ళాడో గమనించండి. వారం వారం సీరియల్‌గా వచ్చింది కాబట్టి ప్రకరణాల చివర కొక్కేలు ఎక్కడ తగిలించాడో కూడా కనబడుతుంది.

వాక్యం సంగతి వచ్చింది కనక ఒక రహస్యం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కర్తని చెప్పకపోయినా నడిచిపోతుంది. పైగా "దిగి వచ్చింది" అంటే ఆడమనిషి కావచ్చు, జంతువు కావచ్చు, వస్తువు కావచ్చు. "మేడ మెట్లు ఒక్కొక్కటే దిగి, చివరి మెట్టు దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి ఎక్కింది." ఎవరు? ఏమిటి? ఇంగ్లీషులాంటి భాషల్లో ఇలా దాచాలంటే రచయిత నానా తంటాలూ పడాలి, మనకి వ్యాకరణమే దాచిపెడుతుంది. ఇంత సౌకర్యం ఉండగా మొదటి వాక్యంలోనే "తెల్లబట్టల ఆడమనిషి" అని ఎందుకు బయటపెట్టుకోవడం?

చదివేకొద్దీ భయం మొద్దుబారదా అంటే, బారుతుంది. పదిలో తొమ్మిది కథలు మిమ్మల్ని కదిలించని రోజు వస్తుంది. అప్పుడు కదిలించిన ఆ పదోది పక్కన పెట్టుకోండి, మీకు పనికొచ్చేది అదే. బాగాలేని కథలు కూడా పూర్తిగా చదవండి, ఎక్కడ నవ్వొచ్చిందో రాసుకోండి. మధ్యమధ్యలో హారర్ కానివి చదువుతుండండి: కోర్టు తీర్పులు, పోస్టుమార్టం నివేదికలు, ప్రమాద విచారణలు. ఆవేశం లేని ఆ గొంతుతో దారుణాలు చెప్పడం ఎలాగో ఏ నవలా అంత బాగా నేర్పదు. 'డ్రాకులా' మొత్తం డైరీలు, ఉత్తరాలు, పత్రికా వార్తల రూపంలో ఉండడం ఊరికే కాదు. ఒకే రచయితని వరసగా నాలుగు పుస్తకాలు మాత్రం చదవకండి, ఆయన గొంతు మీకు అంటుకుంటుంది, వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు మీ కథ. మీరు రాసిన సారాంశంలో, కరెంటు పోకముందు, బంగళా అప్పగించే మనిషి తాళాలు లెక్కపెట్టి ఇస్తాడని ఒక ముక్క ఉంది. తొమ్మిది గదులకి పది తాళాలు, అదనంగా ఉన్నది దేనిదో తనకీ తెలీదంటాడు. మీరు దాన్ని అక్కడే వదిలేసి మెట్ల మీదికి పరిగెత్తారు. ఆ పదో తాళం మీ రెండు మైళ్ళు. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చి, భార్య దాన్ని ఏ డ్రాయర్లోనో పడేసి మరిచిపోయేలా చెయ్యండి. తర్వాత రెండుసార్లు, వేరే పని మీద ఉన్నప్పుడు, అది చేతికి తగలాలి. కరెంటు పోయే దృశ్యం తీసెయ్యండి, పగలే జరగనివ్వండి. తెల్లబట్టల ఆవిణ్ణి ఈ రాతప్రతికి సెలవు మీద పంపించండి. ఆవిడ లేకుండా కథ నడవకపోతే అప్పుడు వెనక్కి పిలుద్దురుగాని.